ఆమె చిటికెడు

మాస్టారు పదకొండో స్లైడు మీద కవర్ గ్లాసు దించి, కింద గాలిబుడగ చేరలేదని చూసుకుని, మైక్రోస్కోపుకు కన్ను ఆనించారు. సన్నగా కోసిన కాండం ముక్కలో నీటిగొట్టాలు ఊదాగా మెరవాలి. తడిసిన బూడిదలా ఉన్నాయి.

"వచ్చిందా నాన్నా?" అంది కూతురు.

"వచ్చిందమ్మా, నిన్నటి బూడిదే. మొహమాటం లేకుండా రోజూ వస్తోంది."

ఆయన పాఠం చెప్పిన ఈ కాలేజీలోనే ఆయన భార్య ఇరవై రెండేళ్ళు ల్యాబ్ అటెండరుగా చేసింది. కొన్న రంగులు పడక చేతులు పొట్టు లేస్తుంటే, మందార రేకులు కాచి పటిక వేసి స్లైడ్లకు సొంతంగా ఓ రంగు తయారుచేసుకుంది. ఆమె పోయాక మాస్టారు ఆమె పేరు మీద వ్యాసం రాసి ఒక పత్రికకు పంపారు. ఇంకొకరు చేసి చూపిస్తేనే వేస్తామన్నారు వాళ్ళు. గడువు ఈ సాయంత్రం.

ఆమె నోటుబుక్కులో ఉన్నది ఒక్క ముక్క: 'రేకులు నలభై. వాననీళ్ళు గ్లాసుడు. మూడు పొంగులు. దించాక పటిక చిటికెడు.'

"నీ వేళ్ళతో చిటికెడంటే గుప్పెడు నాన్నా. ఇలా తే. నావి అమ్మ వేళ్ళే కదా."

సీసాలో మిగిలినవి సరిగ్గా నలభై రేకులు. భార్య ఎండబెట్టినవాటిలో ఇవే చివరివి. ఆ రేకులిచ్చిన పెరటి మందార ఆమె పోయిన ఏడే ఎండిపోయింది. వేరే మొక్కల రేకులకు అసలు ఎరుపే దిగలేదు.

ఆ నలభై రేకులూ కాచి, మూడు పొంగులు రాగానే దించి, కూతురు పటిక చిటికెడు వేసింది. పన్నెండో స్లైడులో ఒక అంచున ఊదా తొంగిచూసింది. చూస్తుండగానే అదీ బూడిదైపోయింది.

"కాస్త ఎక్కువ పడిందంటావా?" అంది కూతురు.

మాస్టారు నోటుబుక్కులో తారీఖు చూసి కూలబడ్డారు. "ఇది రాసిన నెలలోనే కదమ్మా, జబ్బు మందులకు మీ అమ్మ వేళ్ళు వాచి, సబ్బు రాసి ఉంగరం తీయించింది. మరి ఇది ఏ చిటికెడు? వాచిన వేళ్ళదా, అంతకుముందుదా?"

"అమ్మ పటిక వేస్తుంటే నువ్వు ఎప్పుడూ చూళ్ళేదా?"

"స్లైడే చూశానమ్మా. చెయ్యి చూళ్ళేదు."

కూతురు గాజు గిన్నెలు కడగడానికి లేచి, చప్పుడు కాకుండా కొళాయి సన్నగా తిప్పింది. ఆ పాటి దయకే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

పత్రికకు రాయడానికి కాగితం తీసుకున్నారు. 'మావల్ల కాలేదు' అని రాశారు. కింద 'ఆమెకు వచ్చేది' అని చేర్చబోయి, రుజువు లేని మాట కదా అని కలం మూసేశారు.