మూడోసారి అడిగేదాకా

నేను ఒక గ్రైండరుని. ఈ కాలపు వంటింటి గట్టు మీద ఒద్దికగా కూర్చునే చిన్న గ్రైండర్లను చూసి నన్ను ఊహించుకోకండి. నాది నేల మీద నిలబడే ఒళ్లు. రాతి తొట్టి, రాతి పొత్రం, అడుగున మోటారు, పిండి దించడానికి తొట్టిని వంచే పిడి. నేను తిరుగుతుంటే గదిలో ఇద్దరు మాట్లాడుకోలేరు. అందుకని నేను ఆగాకే మాట్లాడుకుంటారు, అప్పుడు నాకు అన్నీ వినిపిస్తాయి. ఇంటి గుట్టు తెలుసుకోవాలంటే వంటింట్లో నోరు మూసుకుని నిలబడితే చాలు.

పుట్టింది కోయంబత్తూరులో. నన్ను చెక్కిన మేస్త్రీ ఉలి వేసిన గంటు గంటుకీ నన్ను తిట్టాడు, గట్టి రాయి తగిలిందని. ఆ తిట్లే నన్ను ఇన్నేళ్లు నిలబెట్టాయని ఇప్పుడు అనుకుంటాను. లారీ ఎక్కి గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ ఊరికి వచ్చాను. అక్కడ బస్టాండు పక్కన గంగరాజు అనే ఆయన టిఫిన్ హోటల్లో నా మొదటి కొలువు. మినప్పిండితో తెల్లవారేది, మినప్పిండితోనే పొద్దు గుంకేది. తర్వాత ఊరంతా బిర్యానీ మోజులో పడింది. గంగరాజు ఇడ్లీపాత్రలు అటకెక్కించి నన్ను అమ్మకానికి పెట్టాడు. మనుషులకు నాలుక మారితే మాకు ఇల్లు మారుతుంది.

నన్ను కొనడానికి వచ్చింది హైమవతి. ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసే సోమశేఖరం భార్య. క్వార్టర్స్‌లో ఎవరింట్లో శుభకార్యం జరిగినా గారెలపిండి ఆవిడే రుబ్బిపెట్టేది. ఆవిడ బేరమాడుతున్నంతసేపూ సోమశేఖరం రోడ్డవతల నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు సినిమా పోస్టరు చూస్తున్నాడు. గంగరాజు ఒక ధర చెప్పాడు. హైమవతి నవ్వి చెప్పులేసుకుంది. గంగరాజు వెనక్కి పిలిచాడు. ఆవిడ ఇంకోమాట చెప్పి మళ్లీ బయల్దేరింది. ఈసారి ఆయన రోడ్డు దాకా వచ్చి పిలిచాడు. బేరం కుదిరాక ఆవిడ అంది:

"మరి కొసరేదండీ గంగరాజుగారూ? ఆ పప్పు నానేసుకునే గిన్నె కూడా నేనే పట్టుకెళ్తాను."

గంగరాజు దండం పెట్టి గిన్నె ఇచ్చాడు. రోడ్డవతల సోమశేఖరం చెవులు ఎర్రబడ్డాయి. నాకు మాత్రం ఆవిడ మీద అప్పుడే గౌరవం కలిగింది.

ఆ ఇంట్లో నేను సుఖంగా ఉన్నాను. వాళ్లకు మౌక్తిక అని ఒక్కతే పాప. పాకుతూ వచ్చి నా పిడి పట్టుకుని నిలబడింది, నా చుట్టూ తిరిగి నడక నేర్చింది. ఆ పిల్ల మూడో తరగతికి వచ్చేసరికి ఫ్యాక్టరీకి చెరుకు రావడం తగ్గింది, ఒక ఏడు అసలు గానుగ ఆడలేదు. యాజమాన్యం మూసేస్తున్నామంది. వేసవి దాటేలోగా క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి.

అప్పుడే టాంజానియాలోని ఒక చక్కెర ఫ్యాక్టరీ నుంచి సోమశేఖరానికి కబురొచ్చింది. పనిలో ఆయనకు తిరుగులేదు. పాకం చూసి లోపం చెప్పగలడు. ఉద్యోగం ఇస్తామన్నారు, మిగతా సంగతులు మాట్లాడుకుందామన్నారు. ఇంట్లో పండగ మొదలైంది. మౌక్తిక వెళ్లి క్లాసులో అందరికీ తను జిరాఫీలున్న ఊరికి వెళ్తున్నానని చెప్పేసింది. హైమవతి సూట్‌కేసులు దించి ఎండబెట్టింది.

ఆ ఇంట్లో ఫోను సిగ్నలు వంటింటి కిటికీ దగ్గర తప్ప ఎక్కడా అందదు. కిటికీ కింద ఉన్నది నేను. పొత్రం తీసి, తొట్టి మీద స్టీలు మూత పెట్టి, దాని మీద లాప్‌టాప్ నిలబెట్టారు. అలా చర్చలన్నీ నా నెత్తి మీదే జరిగాయి.

అవతల కనిపించినాయన పేరు మ్వాకాలింగా. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరు. నిండైన మనిషి, నెమ్మది గొంతు. మాటలు ఇంగ్లీషులోనే సాగాయి గాని, సోమశేఖరం మొహమాటం మాత్రం అచ్చంగా గోదావరిదే.

"మీ కుటుంబం కూడా వస్తుందా?" అని ఆయన అడిగాడు.

"ఆయ్, వాళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చండి. మీకెందుకు శ్రమ."

"ఇల్లు ఎలాంటిది కావాలి?"

"ఏదైనా పర్లేదండి. సర్దుకుంటాం."

"పాప స్కూలు ఫీజు?"

"అబ్బే, దానిదేముందండి."

"టిక్కెట్లు? సామాను?"

"అయ్యో, అవన్నీ వద్దండి."

ప్రతి జవాబు తర్వాతా సోమశేఖరం కాసేపు ఆగి, చిరునవ్వుతో ఎదురుచూశాడు. ఎందుకో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. మన వైపు మొదటి 'వద్దు' మర్యాద, రెండో 'వద్దు' మొహమాటం, మూడోసారి అడిగితేగాని అసలు మాట బయటికి రాదు. పాపం మ్వాకాలింగాకు ఇదేం తెలుసు! ఆయన ప్రతి జవాబునూ నమ్మాడు. "మీలాంటి సులువైన మనిషిని నేను చూడలేదు" అని మెచ్చుకుని ఫోను పెట్టేశాడు.

మర్నాడు మెయిలు వచ్చింది. ఒంటరి ఉద్యోగులుండే హాస్టల్లో ఒక గది, ఒక టిక్కెట్టు, ఒక పెట్టె సామాను. రెండేళ్ల ఒప్పందం. కుటుంబం ఊసే లేదు.

హైమవతి చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీద అట్టు మాడింది.

"అదేంటండీ, అన్నీ వద్దన్నారా?"

"ఇంకోసారి అడుగుతాడనుకున్నానే."

"ఎందుకడుగుతాడండీ? ఆయనేమన్నా మా పెద్దత్తయ్యా, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి గారె పడెయ్యడానికి?"

నాకు నవ్వొచ్చింది గాని, అప్పుడే మౌక్తిక వచ్చి, "మరి నేను మా టీచర్‌కి ఏం చెప్పాలి?" అని అడిగింది. పిల్ల వెళ్లి సూట్‌కేసులోంచి తన బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి అలమరలో పెట్టుకుంది. నా తొట్టి గట్టి రాయే. అయినా ఆ రోజు నాకు చాలా బాధేసింది.

హైమవతి ఏడుస్తూ కూర్చునే రకం కాదు. "అడగందే అమ్మైనా పెట్టదండీ. మళ్లీ ఒకసారి మాట్లాడదాం అని మెయిలు పెట్టండి. ఈలోగా మీకు బేరం నేర్పిస్తాను" అంది. మొదటి పాఠానికి సంచీ ఇచ్చి రైతుబజారుకు పంపింది. సోమశేఖరం వంకాయలు చెప్పిన ధరకే కొని, పైగా "మీకు గిట్టుబాటవుతుందాండి?" అని అడిగి, ఆ రైతు చెప్పిన కష్టాలు విని ఇంకో కిలో కొనుక్కొచ్చాడు. వారమంతా వంకాయ కూరే.

చివరికి ఆవిడే ఆయన అడగాల్సినవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టించి వల్లె వేయించింది. ముగ్గురికీ చోటున్న ఇల్లు, పాపకు బడి, ముగ్గురికీ రానూపోనూ టిక్కెట్లు.

"ఆఖర్న కొసరు అడగాలండీ. గ్రైండరు కూడా ఓడలో వెయ్యమనండి."

"గ్రైండరా? నవ్వుతారే!"

"నవ్వనివ్వండి. కొసరు కాదన్న మొహమాటంతో అసలు ఇచ్చేస్తారు. చివర్లో, పోనీ గ్రైండరు వద్దులెండి అంటాం. ఆయనకీ గెలిచినట్టుంటుంది."

విన్నారా? ఇన్నేళ్లు వాళ్ల ఇంటికి పిండి రుబ్బిపెట్టిన నేను కొసరునట! అదీ వదిలెయ్యడానికి పెట్టుకున్న కొసరు. నాకు ఒళ్లు మండింది. కానీ రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవడం ఏమిటి? నా కన్నా ఆ పిల్ల ప్రయాణం ముఖ్యం, ఆ మాత్రం నాకూ తెలుసు.

రెండోసారి మాట్లాడే రోజు వచ్చింది. లాప్‌టాప్ మళ్లీ నా నెత్తికెక్కింది. సోమశేఖరం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిందికి లుంగీతో, స్టూలు మీద కూర్చున్నాడు. హైమవతి పొయ్యి దగ్గర నిలబడింది. సోమశేఖరం కళ్లు మూసుకుని నేర్చుకున్న పాఠం అంతా గడగడా అప్పజెప్పేశాడు. మ్వాకాలింగా కనుబొమలు పైకి లేచాయి.

"కిందటిసారి ఇవేవీ వద్దన్నారు కదా. ఇప్పుడు బడ్జెట్టు ఒక్కరికే వేశాం. మార్చడం కష్టం. మీకు మరీ ఇబ్బందా?"

ఆ ప్రశ్న వినగానే సోమశేఖరం మొహంలోకి పాత చిరునవ్వు వచ్చేసింది. ఆయన నోరు తెరిచి, "ఆయ్, పర్లే..." అన్నాడు.

హైమవతి ఒక్క అంగలో వచ్చి నా స్విచ్చి నొక్కింది.

ఆయన మాట వినపడకుండా చెయ్యాలని తప్ప ఆవిడకు వేరే ఉద్దేశం లేదు. ఆ కంగారులో ఒక సంగతి మర్చిపోయింది. నేను తిరిగితే నా మూత కూడా తిరుగుతుంది. మూతతోపాటు లాప్‌టాపూ తిరిగింది. మధ్యాహ్నం పూట లో వోల్టేజీ కాబట్టి సరిపోయింది, లేకపోతే మ్వాకాలింగాగారు కిటికీలోంచి పెరట్లో పడేవారు. నేను గుర్రుమంటూ, ఊరేగింపు పల్లకీలా నెమ్మదిగా ఆయన్ని వంటిల్లంతా తిప్పాను. ఆయనకు ముందు లుంగీ కనిపించింది. తర్వాత పొయ్యి, దాని పక్కన వంకాయల గుట్ట. తర్వాత స్విచ్చి మీద చెయ్యేసి నోరు తెరిచి నిలబడ్డ హైమవతి. తర్వాత గుమ్మంలో, గోడకు ఆనుకుని, బొమ్మ జిరాఫీని గుండెకు హత్తుకుని బెదురుగా చూస్తున్న మౌక్తిక. మళ్లీ లుంగీ.

స్విచ్చి ఆపేసరికి మ్వాకాలింగా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "ఆగండి, ఆ పాపేనా మీ అమ్మాయి? నేను ఒక కెమిస్టుతో మాట్లాడుతున్నాననుకున్నాను. ఇన్నాళ్లూ ఈ ఇల్లంతా ఎక్కడ దాచారు?"

ఇక హైమవతి ఆగలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ చెప్పేసింది.

"సార్, మా ఆయన వద్దన్నాడంటే వద్దని కాదండి. మా వైపు మూడుసార్లు అడగాలండి. మొదటిసారే కావాలంటే ఆశపోతనుకుంటారండి. ఆయన లేకుండా మేమిద్దరం ఉండలేమండి. మేం లేకపోతే ఆయన అసలు ఉండలేడండి."

మ్వాకాలింగా తల ఊపి, "మా అమ్మ దగ్గరా ఇంతేనమ్మా. చుట్టం చాలన్నాక కూడా పెట్టకపోతే ఆవిడ నన్ను తిట్టేది. అన్నం దగ్గర తెలిసిన సంగతి ఆఫీసు కుర్చీలో మర్చిపోయాను" అన్నాడు. గొంతు సవరించుకుని, మేనేజరు మొహం పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి అడిగాడు.

"మీ కుటుంబానికి ఇల్లు కావాలా?"

"ఆయ్... పర్లేదండి" అన్నాడు సోమశేఖరం. అలవాటు ఎక్కడికి పోతుంది!

"ఇల్లు కావాలా?"

"మీకు శ్రమ..."

"ఇల్లు కావాలా?"

"కావాలండి!" అని సోమశేఖరం దాదాపు అరిచాడు. పాప బడీ, టిక్కెట్లూ అదే వరసలో నడిచాయి. బడ్జెట్టు సంగతి డైరెక్టరుకు తను చెప్పుకుంటానన్నాడు మ్వాకాలింగా. మౌక్తిక గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి వాళ్ల నాన్న ఒళ్లో ఎక్కేసింది.

చివరికి నా వంతు వచ్చింది.

"గ్రైండరు అన్నారు. అంటే ఇందాక నన్ను తిప్పినదేనా?"

అనుకున్న ప్రకారం హైమవతి పెద్దమనసు చూపించింది. "దాన్ని వదిలెయ్యండి సార్. వద్దులెండి."

"గ్రైండరు కావాలా?"

"వద్దండి. పాతదండి."

నేను ఆశ వదులుకున్నాను. మ్వాకాలింగా కెమెరాకు దగ్గరగా జరిగి, చాలా మర్యాదగా మూడోసారి అడిగాడు.

"గ్రైండరు కావాలా అమ్మా?"

హైమవతి నా వైపు చూసింది. నా పిడి మీద చెయ్యి వేసింది. మౌక్తిక పట్టుకుని లేచి నిలబడిన పిడి అది. ఆ నేర్పరి బేరగత్తె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కావాలండి" అంది.

ఆ ఫ్యాక్టరీకి మన దేశం నుంచే చెరుకు నలిపే రోలర్లు ఓడలో వెళ్తాయట. నన్నూ వాటి పక్కన ఎక్కించారు. నలిపే జాతి అంతా ఒక్కటే కాబట్టి దారిలో మాకు బాగానే కాలక్షేపం అయింది.

ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు దాటింది. నా ప్లగ్గు మార్చారు గాని నా గొంతు మార్చలేదు. ఈ కాలనీలో తమిళులకూ, గుజరాతీలకూ, ఇక్కడి ఇరుగుపొరుగుకూ ఎంత పిండి రుబ్బానో నాకే తెలియదు. మ్వాకాలింగా చాలా ఆదివారాలు ఇక్కడే టిఫిన్ చేస్తాడు. హైమవతి "ఇంకో గారె?" అంటే స్పష్టమైన తెలుగులో "వద్దండి" అంటాడు, పళ్లెం మాత్రం ముందుకు జరుపుతాడు. మౌక్తిక పొడుగ్గా ఎదిగి పక్క ఊళ్లో కాలేజీకి వెళ్తోంది.

నా రాయి అరిగిపోయింది. కిందటి నెల మోటారు కూడా ఆగిపోయింది. గట్టు మీదికి ఒక కొత్త చిన్న గ్రైండరు వచ్చింది, వినయంగానే ఉంది పాపం. నన్ను వరండాలో పెట్టారు. నిన్న ఆదివారం మ్వాకాలింగా చెయ్యి కడుక్కుంటూ నన్ను చూసి, సోమశేఖరంతో అన్నాడు.

"ఫ్యాక్టరీ పాత ఇనుము లారీ రేపు వెళ్తోంది. దీన్ని కూడా పంపించెయ్యనా?"

"వద్దండి" అన్నాడు సోమశేఖరం.

మ్వాకాలింగా నవ్వాడు. ఆయనకు ఇప్పుడు మన పద్ధతి బాగా తెలుసు కదా. "పంపించెయ్యనా?"

"వద్దండి."

సోమశేఖరం సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! ఇక మిగిలింది మూడోసారి.

"పంపించెయ్యనా?"

సోమశేఖరం చేతిలో కాఫీ గ్లాసు నా మూత మీద పెట్టి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొహంలో మొహమాటపు చిరునవ్వు లేదు.

"వద్దన్నాను కదండీ" అన్నాడు.