రిహార్సల్లో లేని మాట

గంట అనే పిల్ల చెయ్యి కాలర్ల ప్రెస్సు కింద పడినప్పుడు సూపర్‌వైజర్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "గుడ్డ మీద రక్తం పడనివ్వకండి" అన్నాడు. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఆ మాట విన్నారు. పక్క వరసలో ఆ పిల్ల తల్లి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, ఆమె కూడా విన్నది.

అందరూ ఇస్త్రీ అక్క అని పిలిచే ఆ తల్లి, చేతిలోని ఇస్త్రీపెట్టె అక్కడే పారేసి పరుగెత్తింది. ప్రెస్సు పలక పైకి లేవలేదు. తల్లి, బొత్తాల సెక్షన్ వదిన, ఇంకా చుట్టుపక్కల వాళ్ళు లీవరు పట్టుకుని వేలాడితే అప్పుడు కదిలింది. గొంతు గంటలా మోగుతుందనే ఆ పిల్లను వాడంతా గంట అని పిలిచేది. అలాంటి పిల్ల నోరు తెరిచింది గానీ చప్పుడు రాలేదు. తల్లి కొంగుతో ఆ చేతిని చుట్టి, గుండెకు ఆనించుకుని కూలబడింది.

సాయంత్రానికి మేనేజరు తేల్చేశాడు. "ఆ పిల్ల మా వర్కరు కాదు. కళాకేంద్రం నుంచి పని నేర్చుకోడానికి వచ్చింది. ఆడుకుంటూ చెయ్యి పెట్టుకుంటే మేమేం చేస్తాం?"

కళాకేంద్రం సంగతి చెబితే గానీ ఈ మాటలోని కుళ్ళు మీకు అర్థం కాదు. ఫ్యాక్టరీ గోడను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. సాయంత్రాలు అక్కడ పిల్లలకు పాట, నాటకం, బొమ్మలు నేర్పుతారు, బడిలో బుర్రకెక్కని లెక్కలు మళ్ళీ విప్పి చెబుతారు. మంచి పని. కాదన్నవాడి కళ్ళు పోతాయి. గంటకు అక్షరాలు వచ్చింది అక్కడే, పాట వచ్చింది అక్కడే. షిఫ్టు దిగాక ఇస్త్రీ అక్క కిటికీ దగ్గర నిలబడి కూతురి పాట విని గానీ ఇంటికి పోయేది కాదు. అయితే ఆ షెడ్డు ఫ్యాక్టరీ యజమానిది. కేంద్రానికి అధ్యక్షుడు కూడా ఆయనే. దాన్ని నడిపే కార్యదర్శమ్మ చదువుకున్న మనిషి, మనసు చెడ్డది కాదు. ఆమెకు పిల్లలంటే ప్రాణం, యజమాని అంటే భయం. ఈ రెండూ ఒక మనిషిలో ఉంటే చివరికి ఏది గెలుస్తుందో మీకు తెలుసు.

"పాటలు కూడు పెడతాయా? పొద్దుటి పూట మా దగ్గర చేతిపని నేర్చుకోనివ్వండి" అని యజమాని అన్నాడు. కార్యదర్శమ్మ సరేనంది. మా పిల్లలకు పని వస్తుందని తల్లులు మురిసిపోయారు. చేతిపని అంటే పెద్దవాళ్ళతో సమానంగా గొడ్డుచాకిరీ అని నెల తిరక్కుండానే తెలిసిపోయింది. తెలిసినా ఎవరూ నోరు మెదపలేదు, నోరు మెదిపితే షెడ్డు పోతుందని. కంచే చేను మేస్తుంటే, పోనీలే, కంచె అయినా ఉంది కదా అనుకున్నారు.

గంటను యార్డు చివర ఉన్న కంపెనీ డిస్పెన్సరీలో పడేశారు. చెయ్యి నల్లబడుతోంది. కట్టు మార్చడానికి వచ్చే డాక్టరు తల్లిని పక్కకు పిలిచి, నగరంలో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆలస్యమయ్యే కొద్దీ విషం పైకి పాకుతుంది, చెయ్యి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు అన్నాడు. ఆమె తీసుకుపోతానంటే వాచ్‌మన్ అడ్డు నిలబడ్డాడు. పిల్ల బయటి ఆసుపత్రిలో అడుగు పెడితే పోలీసు కేసవుతుంది, లోపల పిల్లలతో పని చేయిస్తున్న సంగతి బయటపడుతుంది. అందుకే ఆ కాపలా.

మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు.

"రేపు కేంద్రం వార్షికోత్సవం. లేబర్ ఆఫీసరు వస్తున్నాడు, ఎవరో అర్జీ పెట్టారట. నువ్వు మైకు ముందు నిలబడి ఒక్క ముక్క చెప్పు. మా పిల్ల ఆడుకుంటూ చెయ్యి పెట్టుకుంది, అయ్యగారే దగ్గరుండి చూసుకుంటున్నారు అను. ఆఫీసరు అటు వెళ్ళగానే మా కారు నీ కూతుర్ని పెద్దాసుపత్రికి తీసుకెళుతుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఇక్కడ డిస్పెన్సరీ ఉంది కదమ్మా. మందులు వేస్తూనే ఉంటాం."

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ నీళ్ళ ట్యాంకు నీడలో చేరారు. డబ్బాలు తెరిచారు గానీ ఎవరికీ ముద్ద దిగలేదు.

"చెప్పెయ్ అక్కా" అంది బొత్తాల వదిన. "అబద్ధమాడితే నాలుక తెగిపడదు. నిజం చెబితే పిల్ల చెయ్యి పోతుంది."

కటింగ్ సెక్షన్ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ ఈమె ఆ మాట అంటే రేపు ఇంకో పిల్ల చెయ్యి పోతుంది. అప్పుడా తల్లి ఎవరితో చెప్పుకోవాలి?"

ఇస్త్రీ అక్క ఒక్క ఉదుటున లేచింది. "నీతులు చెప్పకు పెద్దాయనా! ఎద్దు పుండు కాకికి నొప్పా? నీ పిల్లదైతే తెలిసేది."

"నా మనవరాలు లోపలే ఉంది తల్లీ" అన్నాడాయన. "దారాలు కత్తిరిస్తోంది."

అప్పుడు నాటకాల టీచరు లేచింది. ఆ వాడలోనే పుట్టి, ఆ షెడ్డులోనే చదువుకుని, అక్కడే పాఠాలు చెబుతున్న పిల్ల. "అర్జీ పెట్టింది నేనే. అది తర్వాత మాట్లాడుకుందాం. అందరూ అక్క ఏం చెయ్యాలో చెబుతున్నారు. అక్క నిజం చెబితే మనమేం చేస్తామో అది చెప్పండి ముందు. ఆ బరువు ఆమె ఒక్కతే ఎందుకు మొయ్యాలి?"

"ఏం చెయ్యమంటావు?"

"మొదటి షిఫ్టు ఇంటికి పోకూడదు. రెండో షిఫ్టు లోపలికి పోకూడదు. మనమే పిల్లని బయటికి తెచ్చుకోవాలి."

తెద్దాం, తెద్దాం అని గొంతులు లేచాయి. ఇస్త్రీ అక్క నవ్వింది. అది ఏడుపు కన్నా అన్యాయంగా ఉంది.

"మరుగుదొడ్లు కట్టించమని గొడవ చేసినప్పుడూ ఇలాగే అరిచారు. పొద్దున్నే చూస్తే గేటు ముందు నేనొక్కదాన్నే ఉన్నా. ఏం బాబాయ్, నువ్వు ఏ దారిన లోపలికి పోయావు ఆ రోజు?"

బాబాయి అంటే ఆమె మరిది, కంపెనీ సరుకు లారీ డ్రైవరు. పిల్లలతో పాటు ఆమెకూ ఆ పిలుపే అలవాటైపోయింది. అతను తలెత్తలేదు.

"నేను అబద్ధమే చెబుతా. నా పిల్ల నాకు కావాలి" అని ఆమె డబ్బా మూసేసి లేచి వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టే ధైర్యం ఎవరికుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మూడో ఝాముకు షెడ్డులో కార్యదర్శమ్మ ఆమె చేత ఆ మాట వల్లె వేయించింది. గట్టిగా చెప్పు, కాస్త నవ్వుతూ చెప్పు అంది. నాలుగుసార్లు చెప్పించాక కార్యదర్శమ్మకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏం చెయ్యమంటావమ్మా! తిన్నింటి వాసాలు లెక్కపెడితే షెడ్డు ఖాళీ చేయమంటారు. ఇంతమంది పిల్లలు మళ్ళీ వీధిన పడతారు." అదీ నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే ఇన్నాళ్ళూ అందరి నోళ్ళూ కుట్టేశారు.

యార్డులో టెంటు వేశారు. ముందు వరసలో సోఫాలు, వెనక నేల మీద పట్టాలు. షిఫ్టు ముగించుకుని వచ్చినవాళ్ళు, షిఫ్టుకి వెళ్ళాల్సినవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. యజమాని పూలదండ వేయించుకున్నాడు. లేబర్ ఆఫీసరు చల్లటి సోడా తాగి, వచ్చినందుకు ఒక ప్రశ్న అడగాలి కాబట్టి అడిగాడు.

"ఏం పిల్లలూ, మీరు ఫ్యాక్టరీలో పని చేస్తారా?"

"లేదండీ, నేర్చుకుంటామండీ!" అని పిల్లలు ఏకకంఠంతో అన్నారు. ఎంత బాగా నేర్పారో! యజమాని చప్పట్లు కొట్టాడు.

తర్వాత కృతజ్ఞతల పాట. దాతను పొగిడే ఆ పాటలో మధ్యలో ఒక చరణం గంట ఒక్కతే పాడేది. దాన్ని వేరే పిల్ల చేత పాడించమని కార్యదర్శమ్మ చెప్పింది. టీచరు ఏ పిల్లనడిగినా నేను పాడనంటే నేను పాడనన్నారు. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది. హార్మోనియం కాసేపు ఒంటరిగా మోగి అదీ ఊరుకుంది. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు.

అప్పుడు ముందు నిలబడ్డ పిల్ల చేతులు కదిలాయి. లేని కాలరు పరిచింది, లేని లీవరు లాగింది, తీసి పక్కన వేసింది, మళ్ళీ పరిచింది. పక్క పిల్ల దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఇంకొకడు బొత్తాలు కుట్టాడు, ఇంకొకతె మడతలు పెట్టింది. మాట లేదు, పాట లేదు. వేదిక మీద ఒక షిఫ్టు నడుస్తోంది. పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఎవరి సెక్షన్ను వాళ్ళు గుర్తుపట్టారు. బొత్తాల వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇదేం డాన్సు?" అన్నాడు ఆఫీసరు.

"డాన్సు కాదండి" అంది టీచరు. "పొద్దుటి నుంచి వీళ్ళు చేసి వచ్చిన పని."

మేనేజరు పరుగున వెళ్ళి ఇస్త్రీ అక్క చేతిలో మైకు పెట్టాడు. "చెప్పు, తొందరగా చెప్పు" అని చెవిలో అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. "మా పిల్ల... మా పిల్ల ఆడుకుంటూ..."

ఎదురుగా ఆ పిల్ల ఇంకా లీవరు లాగుతూనే ఉంది. ఒక చెయ్యి లాగుతుంటే రెండో చెయ్యి అప్పుడే లోపలికి పోతోంది. ఆగి చూసుకునే వ్యవధి లేదు. గంటదీ అదే వరస. ఇస్త్రీ అక్క పక్క వరసలో నిలబడి రోజూ చూసిందే.

"ఆడుకుంటూ ఏంటి!" ఆమె గొంతు చీరుకుపోయింది. "ఆడుకోడానికి దానికి టైమెక్కడిదయ్యా? పొద్దుట మీ ప్రెస్సు, సాయంత్రం మీ పాట. దాని వయసు పిల్లలు ఆడుకుంటారని దానికి తెలిస్తేగా! అదిగో, ఆ గదిలో కాపలా పెట్టి ఉంచారు. చెయ్యి కుళ్ళిపోతోంది. వెళ్ళి చూడండి, మీరు ఆఫీసరైతే వెళ్ళి చూడండి!"

మైకు ఆపేశారు. ఆమె ఆగలేదు. ఆఫీసరు లేచి, విచారణ చేయిస్తాం అని ఎవరికో చెప్పి కారు వైపు నడిచాడు. డిస్పెన్సరీ వైపు తల కూడా తిప్పలేదు. ఆయన వెంట వచ్చిన పోలీసులు పిల్లల్ని రెచ్చగొట్టిందని టీచరు జబ్బ పట్టుకుని జీపులోకి నెట్టారు. "మా టీచర్ని వదలండి" అంది కార్యదర్శమ్మ. చాలా మెల్లగా అంది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

మేనేజరు ఇస్త్రీ అక్క ముఖంలో ముఖం పెట్టి చూశాడు. "నీ పిల్ల చెయ్యి నువ్వే నరుక్కున్నావు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే రెండో షిఫ్టు సైరన్ కూసింది. ఆమె వేదిక మీదే కూలబడి కళ్ళు మూసుకుంది. ఇక అందరూ లేస్తారు, దులుపుకుంటారు, గేటు వైపు పోతారు అనుకుంది. లేచిన చప్పుడు వినిపించింది. నడిచిన చప్పుడూ వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే జనమంతా డిస్పెన్సరీ వైపు పోతున్నారు.

"ఏరా, పక్కకి జరుగుతావా, మంచంతో పాటు నిన్నూ మొయ్యమంటావా?" అని బొత్తాల వదిన వాచ్‌మన్‌ను అడుగుతోంది. వాడు జరిగాడు. వాడికీ పిల్లలున్నారు.

గంటను మంచంతో సహా ఎత్తుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. గేటు దగ్గర సరుకు నింపిన లారీ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. బాబాయి ఇస్త్రీ అక్క వైపు ఒకసారి చూసి, లారీ వెనక ఎక్కి మొదటి పెట్టె కిందికి విసిరాడు.

"ఒరేయ్, ఓడకెక్కాల్సిన సరుకురా! లారీ ఎవడిదనుకున్నావు?" అని మేనేజరు అరిచాడు.

"మీదేనండి. స్టీరింగు తిప్పేది నేను" అన్నాడు బాబాయి.

ఆ మాటతో అందరూ పెట్టెల మీద పడ్డారు. తాము కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసిన చొక్కాలను తామే దించి పక్కన పేర్చారు. మంచం ఎక్కింది. గేటుకు అడ్డంగా మిగిలిన పోలీసుల లాఠీలు నిలబడ్డాయి. లారీ ముందు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నడిచారు. దెబ్బలు పడ్డాయి. పెద్దాయన తల పగిలింది. ఎవరూ చేతులు వదల్లేదు. లారీ మనిషి నడకంత వేగంతో గేటు దాటి రోడ్డెక్కింది.

గంట ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. మీకు తియ్యటి కబురు చెప్పాలని నాకూ ఉంది, కానీ జరిగింది అది. మోచేతి కింద తీసేశారు.

తెలివి వచ్చాక పిల్ల దుప్పటి వైపు చూసి, తల్లి వైపు చూసింది. "నా చెయ్యేదమ్మా?"

ఇస్త్రీ అక్కకు ఒక మెత్తటి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "పోయిందమ్మా. ఆలస్యమైపోయింది."

పిల్ల చాలాసేపు ఏడ్చింది. తల్లి కూడా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలసిపోయాక గంట అడిగింది. "ప్రెస్సు దగ్గర ఇప్పుడెవరున్నారు?"

"ఎవరూ లేరు. పిల్లలు ఒక్కరూ లోపలికి పోలేదు. పెద్దవాళ్ళూ పోలేదు. షెడ్డుకి తాళం వేస్తే కార్యదర్శమ్మ గేటు ముందు రోడ్డు మీదే పాఠం చెబుతోందట."

"టీచరు?"

"జైల్లో ఉంది. బాబాయిని కూడా పట్టుకుపోయారు. లారీ దొంగిలించాడట."

గంట మిగిలిన చేతిని మంచం పట్టెకు ఆనించి లేవబోయింది.

"ఎక్కడికే?" అని తల్లి కంగారుగా పట్టుకుంది.

"గేటు దగ్గరికి" అంది గంట. "వార్షికోత్సవంలో నా చరణం ఎవరూ పాడలేదన్నావుగా. ఆ పాట వద్దు. వేరేది పాడతాను."