షీనా పట్టిన తాడు

ఆ మాట నోరు జారి వచ్చేసింది. క్లాసులో ఎవరూ అడగనే లేదు.

సువర్ణకుమారి సిడ్నీకి క్రీడాశాస్త్రం చదవడానికి వచ్చి ఏడు నెలలైంది. ఆ రోజు తన వంతు ప్రెజెంటేషన్. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు మొదటిసారి హైజంప్ చేసిన సంగతి చెప్పాలి. పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది, ఆమ్‌స్టర్‌డామ్. గెలిచిన ఎత్తు ఒక మీటరు యాభై తొమ్మిది. అప్పట్లో మెత్తటి పరుపులెక్కడివి? ఇసుకలో కాళ్ళ మీద దిగాల్సిందే. అందుకని కత్తెర తెరిచి మూసినట్టు, ఒక కాలి వెనక ఒక కాలు అడ్డకర్ర దాటించేవాళ్ళు. అది వివరిస్తూ వివరిస్తూ, "నేనూ టెన్త్‌లో అలాగే దూకేదాన్ని. ఒకటి యాభై రెండు," అనేసింది.

వెనకనుంచి ఎవరో ఈల వేశారు. లెక్చరర్ మార్గరెట్ కళ్ళజోడు తీసి మరీ చూసింది. "గోల్డ్‌కి ఏడు సెంటీమీటర్లు తక్కువ, అంతేనా? గురువారం మధ్యాహ్నం గ్రౌండ్‌కి రా. ఇసుక గుంట దగ్గరే స్టాండ్లు పెట్టిస్తాను. అలా దూకడం వీళ్ళెవరూ కళ్ళతో చూసి ఉండరు."

"సరే మేడమ్," అంది సువర్ణ. అందరూ మార్గరెట్ అనే పిలుస్తారు గానీ తనకి నోరు రాదు.

హారిస్ పార్క్‌లో గది పంచుకునే సృజన వరంగల్ పిల్ల. సంగతి విని నవ్వింది. "చెప్పి ఇరుక్కున్నవ్ పో. అప్పుడు దుంకినవ్ గదా, ఇప్పుడు మళ్ల దుంకు. ఏమైతది?"

దూకలేకపోతానని కాదు సువర్ణ భయం. రేపల్లె దగ్గర వాళ్ళ బడిలో స్తంభాలు రెండున్నాయి గానీ అడ్డకర్ర లేదు. కొబ్బరితాడు ఉండేది. స్తంభాల మీది గీతల దగ్గర చెరో కొసా పట్టుకుని ఇద్దరు పిల్లలు నిలబడేవాళ్ళు. ఇష్టమైనవాళ్ళు దూకడానికొస్తే చెయ్యి కాస్త కిందికి దిగేది. అది అందరూ చేసే పనే. పక్క బెంచీ షీనా కోసం సువర్ణా దించింది. తను యాభై రెండు దూకిన పందెం రోజున ఒక కొస పట్టింది ఆ షీనాయే.

ఆ ఎత్తు బడి వరండాలో బోర్డుకెక్కింది. తండ్రి శౌరయ్యకి అక్షరం ముక్క రాదు, కానీ రెండో వరసలో కూతురి పేరెక్కడుందో వేలు పెట్టి చూపిస్తాడు. ఇంట్లో మొదటి డిగ్రీ తనది. అయినా ఆయన నలుగురికీ చెప్పుకునేది ఆ బోర్డు గురించే. అది నిజంగా తనదేనా అని సువర్ణ ఎనిమిదేళ్ళుగా అడగాలనుకుంటూనే ఉంది.

బుధవారం ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పొద్దున. చీరాల ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కబోతున్న షీనాకి ఫోన్ చేసింది.

"ఒసేయ్, నిజం చెప్పు. నాకు తాడు దించేదానివా?"

"దించక? నువ్వు పడితే ఆ మోకాళ్ళూ, ఆ ఏడుపూ ఎవరు పడతారే తల్లీ."

"యాభై రెండుకి?"

షీనా వెనక ఎవరో సిస్టర్ అని పిలుస్తున్నారు.

"ఆ రోజు నేను తాడు వంక చూళ్ళేదే. నిన్నే చూస్తా ఉన్నా. నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలీదు. ఒట్టు."

గురువారం గ్రౌండ్‌కి ఆరేడుగురు వచ్చారు. సువర్ణ బూట్లు విప్పింది. ఒకటి ఇరవై, ఒకటి ముప్పై. ఒంటికి గుర్తుంది. నలభై దగ్గర మడమ తగిలి కర్ర వణికింది గానీ పడలేదు. నలభై ఐదుకి మూడుసార్లూ పడింది. తాడు ఊగి ఊరుకుంటుంది. ఇది ఠంగున మోగుతుంది.

"బ్యూటిఫుల్," అని మార్గరెట్ చప్పట్లు కొట్టింది. "ఇంతకన్నా మాకేం కావాలి?"

"మేడమ్, ఒకసారి యాభై రెండు పెట్టండి."

"నలభై ఐదే దాటలేదు కదా, డియర్."

"దాటడానికి కాదు. చూడ్డానికి."

పెట్టారు. సువర్ణ దగ్గరికెళ్ళి నిలబడింది. గడ్డం కన్నా పైకి, పెదవుల దాకా వచ్చింది. కొబ్బరితాడు నడిమికి వచ్చేసరికి ఎప్పుడూ కొంచెం జారి ఉండేది. ఈ కర్రకి జారడం తెలియదు. దీని మీంచి ఒక పదిహేనేళ్ళ పిల్ల పరికిణీ ఎగ్గట్టి వెళ్ళి ఉంటుందా? వెళ్ళే ఉండొచ్చు. ఆ పిల్లని ఈ గ్రౌండ్‌కి పిలిచి ఇంకొక్కసారి దూకమనాలని ప్రాణం కొట్టుకుంది.

వెనక్కి ఏడడుగులు కొలుచుకుని పరుగెత్తింది. మోకాలు తగిలి, కర్రతో సహా ఇసుకలో పడింది.

మార్గరెట్ చెయ్యి అందించింది. "మరి నీ ప్రెజెంటేషన్ రిపోర్టులో ఎంతని రాస్తావు?"

"ఒకటి నలభై."

"ఆ పాతది?"

"అది తెలీదని రాస్తాను మేడమ్." ఇసుక దులుపుకుంది. "దూకలేదని మాత్రం రాయను."

మిగతావాళ్ళు బ్యాగులు సర్దుకుని స్టేషన్ వైపు నడుస్తున్నారు. సువర్ణకి పార్ట్‌టైమ్ ఉద్యోగం షిఫ్ట్ ఐదింటికి. స్టాండ్లు ఇంకో అరగంట ఉంచమని అడిగింది. కర్రని నలభై ఐదుకి తనే దించుకుని, మళ్ళీ అడుగులు కొలవడానికి వెనక్కి నడిచింది.