అన్నయ్య బ్యాటరీ

డ్రిల్లు దానంతటదే తిరిగింది. నమ్మకపోతే మానెయ్యండి, నాకు పోయేదేం లేదు. మిట్టమధ్యాహ్నం నేను పనిగదిలో తలుపు చెక్క చిత్రిక పడుతుంటే, మూసిన బీరువాలోంచి గుర్రుమని మొదలై, నాలుగైదు క్షణాలు తిరిగి ఆగిపోయింది. అది మా అన్నయ్య డ్రిల్లు. అన్నయ్య పోయి ఎనిమిది నెలలు.

వంటింట్లోంచి వదిన తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. పాపం జడుసుకుందేమో అనుకున్నాను. చూస్తే మొహం వెలిగిపోతోంది.

"విన్నావా చిన్నా? ఈ వారంలో ఇది మూడోసారి. మీ అన్నయ్యే!"

"అన్నయ్యా లేదు, నా మొహమూ లేదు. ఏదో జారి దాని మీద పడుంటుంది" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయం వేస్తే మరీను.

బీరువా తెరిచాను. చెక్కలు బిగించే క్లాంపు ఒకటి డ్రిల్లు స్విచ్ మీదికి ఒరిగి, పక్కకు జారిపోయి ఉంది. డ్రిల్లుకు బ్యాటరీ తగిలించే ఉంది. కుడికీ ఎడమకీ తిప్పే బొత్తాం ఒక పక్కకు తోసి ఉంది. దాన్ని మధ్యలోకి నెడితే ఎంత నొక్కినా డ్రిల్లు తిరగదు. పనయ్యాక బొత్తాం మధ్యలో, బ్యాటరీ బయట అని అన్నయ్య రోజూ నా తల తినేవాడు.

"ఈ బొత్తాం ఎవరు తోశారు?"

"ఎవరూ తొయ్యలేదు. ఆఖరి రోజు ఎలా ఉందో అలాగే ఉంచాను. పొద్దున్నే బ్యాటరీలు మారుస్తానంతే."

అన్నయ్యకు రెండు బ్యాటరీలు. రోజూ పొద్దున ఒకటి డ్రిల్లులోకి, రెండోది ఛార్జరులోకి. మనిషి పోయినా వదిన ఆ పని ఒక్కరోజు కూడా మానలేదు. ఛార్జరు మీద పచ్చ దీపం వెలుగుతున్నంతకాలం ఆయన ఇంట్లో ఉన్నట్టేనట. దాని కోసం పరుపు కూడా ఈ పనిగదిలోకే తెచ్చుకుంది. పక్కన రంగుల్లో కలిపే థిన్నరు డబ్బాలు, చెక్కపొట్టు బస్తాలు, మధ్యలో ఈవిడ నిద్ర!

నేను బొత్తాం మధ్యలోకి నెట్టి, బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టాను. తరవాత ఛార్జరులో ఉన్నదాన్ని చూశాను. దాని మూల పగిలి ఉంది.

ఆ రోజు అన్నయ్యతో పాటు నిచ్చెన మీంచి పడింది అదే. మేం పనికెళ్ళిన ఇంట్లో నిచ్చెన అడుగున పట్టుకోవాల్సినవాణ్ణి నేను. ఫోను మోగితే వదిలేసి, మాట్లాడుకుంటూ వరండాలోకి పోయాను. తిరిగొచ్చేసరికి అన్నయ్య నేల మీద ఉన్నాడు. నోరు విప్పకుండానే ప్రాణం పోయింది. టైల్సు మీద నిచ్చెన జారిందని అందరికీ చెప్పాను. నేనక్కడ లేనన్న మాట మాత్రం మింగేశాను. ఎనిమిది నెలలుగా వదిన చేతి అన్నం తింటూ, ఈవిడకు తెలిస్తే నా బతుకేంటని రోజూ చస్తున్నాను.

బ్యాటరీ పక్కలు ఉబ్బాయి. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

"వదినా, ఇది దెబ్బతిన్న బ్యాటరీ. ఎప్పుడైనా అంటుకుంటుంది. దీన్ని బయట పారేద్దాం."

వదిన నాకూ దానికీ మధ్య వచ్చి నిలబడింది. "దెబ్బెప్పుడు తగిలింది? ఆయన పడ్డప్పుడేనా? నువ్వక్కడే ఉన్నావుగా, చూశావా?"

ఇంకొక్క ప్రశ్న వేస్తే దొరికిపోతాను. "సరే, రేపు చూద్దాంలే" అని మా ఇంటికి పోయాను. ఆ మంట పక్కన ఆడమనిషిని పడుకోబెట్టి పోయాను. ఛీ, నేనూ ఒక మనిషినే!

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే వచ్చాను. ఎంత పిలిచినా వదిన పలకలేదు. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీస్తే గుప్పుమని తియ్యటి రసాయనం వాసన. బల్ల మీద ఛార్జరులోని పగిలిన బ్యాటరీ బుసకొడుతోంది. దాని పక్కనే వదిన కళ్ళు తెరుచుకుని, చెవి అటు పెట్టి పడుకుని ఉంది.

రెక్క పట్టుకుని బయటికి లాగాను. గోడ స్విచ్ కట్టేసి, చెక్కపొట్టు ఎత్తే పారతో ఛార్జరుతో సహా పెరట్లోకి విసిరేశాను. నేలకు తాకిందో లేదో, నడుమెత్తున మంట లేచింది. దూరం నుంచి బస్తాడు ఇసుక పోశాను. ఇసుకలోంచి కూడా చాలాసేపు పొగ వస్తూనే ఉంది.

"పావుగంట ఆలస్యమైతే బూడిదయ్యేదానివి! బుద్ధుందా నీకు?" అని అరిచాను. అరుస్తుండగానే ఏడుపొచ్చేసింది. మోకాళ్ళ మీద కూలబడ్డాను. తప్పంతా నాదే కదా.

"వదినా, నీ దగ్గర ఒక మాట దాచాను. ఆ రోజు నిచ్చెన..."

"వదిలేశావు. వరండాలో ఫోను మాట్లాడుతున్నావు."

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆ ఇంట్లో ఆ పూట నేనూ అన్నయ్యా తప్ప ఎవరూ లేరు.

"నీకెవరు చెప్పారు?"

"మీ అన్నయ్య. నిన్న తిరిగాడు చూడు, అప్పుడు. అందుకే నిన్ను అడిగాను, నీ నోటితో నువ్వే చెబుతావేమోనని."

నిన్న నేనూ విన్నాను. గుర్రుమన్న చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. అయినా ఆ క్షణంలో నాకు ఒక్కటే కావాల్సి వచ్చింది.

"నా మీద కోపంగా ఉన్నాడా?"

వదిన పొగ వంక చూసింది.

"అదే చెప్పబోతున్నాడు చిన్నా. అంతలో డ్రిల్లు ఆగిపోయింది. మళ్ళీ మొదలెడతాడేమోనని చూస్తున్నాను, నువ్వేమో బ్యాటరీ పీకేశావు."