పుష్పరాణి చదివిన చీటీ

శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, దీపం పెట్టి, పుష్పరాణి రెండు చీటీలు రాసింది. ఒకదానిలో ఎమ్మెస్సీ, రెండోదానిలో బి.ఇడి. రెండూ ఒకే తీరున మడిచి, పసుపు అద్ది, పైడితల్లి అమ్మవారి పటం ముందు పెట్టింది. విజయనగరం నుంచి కలకత్తాలోని గార్డెన్ రీచ్‌కి వచ్చి పాతికేళ్లయినా ఆ ఇంట్లో పెద్ద సంగతులన్నీ అలాగే తేలుతాయి. ఇల్లు మారాలన్నా, భర్త గురవయ్యకు ఆపరేషన్ చేయించాలన్నా అమ్మవారినే అడగడం.

"ఒకటి తియ్యవే," అంది కూతురితో.

సత్యవేణి ఫిజిక్స్ ఆనర్స్ ఆఖరి సంవత్సరంలో ఉంది. "ధూత్, ఇదేటమ్మా!" అని విసుక్కుంటూనే కళ్లు మూసుకుని ఒక చీటీ తీసి తల్లి చేతిలో పెట్టింది. విప్పి చూడలేదు. చూసినా లాభం లేదు. కలకత్తాలో పుట్టి బెంగాలీ, ఇంగ్లీషు చదువుకున్న పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. కార్పొరేషన్‌లో పైపుల పని చేసే గురవయ్య ఏ బడికీ వెళ్లినవాడు కాదు. ఏడో తరగతి దాకా చదివిన పుష్పరాణి ఒక్కతే ఆ ఇంట్లో తెలుగు చదవగలిగేది.

చీటీలో ఎమ్మెస్సీ అని ఉంది.

"బి.ఇడి," అంది పుష్పరాణి.

సత్యవేణి ఒక్క క్షణం పటం వైపు చూసి "అచ్ఛా" అంది. అంతే.

గురవయ్య టీ గ్లాసు దించి, "మంచిదే. ఇంటి పక్క బళ్లో టీచరమ్మ. ఇంకేటి కావాల?" అన్నాడు.

పుష్పరాణి రెండు చీటీలనూ ముక్కలు చేసి తులసి కుండీలో కప్పెట్టింది.

శని, ఆదివారాలు పిల్ల మామూలుగానే ఉంది. అన్నం తింది, అంట్లు తోమింది. ఏడిస్తే బాగుండుననిపించింది పుష్పరాణికి. రోజూ నోటికి వచ్చే స్తోత్రం సగంలో తప్పిపోతోంది. అమ్మవారు కోప్పడుతుందన్న భయం కాదు. అమ్మవారు ఏమీ అనకపోవడమే కష్టంగా ఉంది.

సోమవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వేదవతి మేడమ్ ఫోన్ చేసింది. ఫిజిక్స్ చెప్పే ఆవిడ, విజయవాడ మనిషి.

"పుష్పరాణి గారూ, సత్యవేణి ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టనంటోంది. ఇవాళ ఐదింటికి ఆఖరండీ. ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేటీ లేదు మేడమ్. అమ్మవారి చీటీలో అలాగొచ్చింది."

ఆవిడ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"మా అమ్మ కూడా చీటీలు వేసేదండీ. నేను కాదనను. కానీ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు ఈ క్లాసులో పదకొండు మంది ఆడపిల్లలు. వాళ్లలో పైకి చదువుతానన్నది మీ అమ్మాయి ఒక్కతే. ల్యాబులో రీడింగు తేడా వస్తే అందరూ పక్కవాళ్లది చూసి రాసేస్తారు. తను మాత్రం తనకొచ్చిందే రాస్తుంది. మార్కులు పోయినా సరే. అలాంటి పిల్లని వదులుకోలేక అడిగాను."

ఫోన్ పెట్టేసి పుష్పరాణి తిన్నగా మేడ మీదికెళ్లింది. కాలేజీ నుంచి అప్పటికే వచ్చేసిన సత్యవేణి అక్కడ బట్టలు ఆరేస్తోంది.

"సత్తీ, ఆ చీటీలో బి.ఇడి లేదే. ఎమ్మెస్సీ అని ఉంది. నానే అబద్ధమాడాను."

సత్యవేణి చేతిలోని తడిచీర అలాగే ఉండిపోయింది. "అమ్మవారి ముందా?"

"అమ్మవారి ముందే."

"ఎందుకమ్మా?"

"ఇప్పటికే నువ్వు సదివేదేటో నాకు తెలీదు. ఇంకా సదివితే నీతో ఏటి మాటాడాలో కూడా తెలీకుండా పోతాదని..."

సత్యవేణి చీరని బకెట్లో విసిరేసింది. "మూడు రోజులమ్మా! అమ్మవారే వద్దందనుకుని నోరు మూసుకున్నాను. అసలు చీటీలెందుకు? నన్నడిగితే నేను చెప్పనా?"

ఇన్నేళ్లూ పుష్పరాణి అమ్మవారిని అడిగింది గానీ, ఎవరి సంగతో వాళ్లని కూడా అడగాలని తోచలేదు. అలా అడిగితే అమ్మవారు తప్పుపడుతుందా? పట్టదనే అనిపించింది.

"తిట్లు బస్సులో తిడుదువు గానీ. ఐదింటికల్లా ఇవ్వాలంట. పద."

"నువ్వెందుకు?"

"మేడమ్‌కి కూడా అబద్ధం సెప్పాను కదే."

ఖిదిర్‌పూర్ స్టాపు దాకా సత్యవేణి కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. బస్సు అక్కడ ఆగి మళ్లీ కదిలాక పుష్పరాణి మెల్లగా అంది:

"అక్కడ నువ్వేటి సదూతావు?"

"నీకర్థం కాదు."

"అర్థం కాపోతే మళ్లీ అడుగుతాను."

కండక్టర్ బస్సు తలుపు మీద చరుస్తూ అరుస్తున్నాడు. ఆ గోల తగ్గేదాకా సత్యవేణి ఆగింది. "కొన్ని లోహాల్ని బాగా చల్లబరిస్తే కరెంటుకి అడ్డే ఉండదు. ఎందుకో నాకు తెలుసుకోవాలనుంది."

పుష్పరాణి ఆలోచించింది. "ఎంత సల్లగా? డార్జిలింగంతా?"

సత్యవేణి కోపంగానే ఉందామనుకుంది. నవ్వొచ్చేసింది.

"అరే బాబా, డార్జిలింగ్ అయితే దానికి పొయ్యి కిందే లెక్కమ్మా," అంటూ తల్లి వైపు తిరిగి కూర్చుంది.