గాజు అవతలి పాట

ఆ హాలుకి వచ్చే కొత్త కళాకారులంతా ఆమెను లైటక్క అనేవాళ్లు. అసలు పేరు చాలామందికి తెలియదు. తెలిసిన సొంత అన్నయ్య కూడా నలుగురిలో ఉన్నప్పుడు సరదాకి అలాగే పిలిచేవాడు.

కాగితాల గోడౌను పైన, మూడో అంతస్తులో నూట ఇరవై కుర్చీల హాలు అది. నాన్న పోయాక అన్నయ్య చేతికొచ్చింది. నెలకో ఆదివారం సాయంత్రం అక్కడ కొత్తవాళ్ల కార్యక్రమం జరిగేది. ఇంకా ఎక్కడా పేరు రానివాళ్లు, పగలు ఏదో ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు సాధన చేసేవాళ్లు వచ్చి పాడేవాళ్లు, వాయించేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు. కుర్చీలు నిండిపోయి, గోడవారన నిలబడి చూసే జనం కూడా ఉండేవాళ్లు.

లైటక్క మాత్రం పద్నాలుగేళ్లుగా వెనకగోడకి ఎత్తులో ఉన్న లైట్ల గదిలోంచే చూసేది. ఇనుప మెట్లెక్కి వెళ్లాలి. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడ్డానికి ఒదిగి ఒదిగి ఉండాల్సినంత గది. ముందు గాజు పలక. మొదట్లో అక్కడ గాజు లేదు. స్విచ్చుల టకటక వినిపిస్తోందని వెనక వరసవాళ్లు సణిగితే అన్నయ్య బిగింపించాడు. అప్పట్నుంచి పాటలు ఆమెకి మూలనున్న చిన్న స్పీకరులోంచే వచ్చేవి. ఎంత కమ్మని గొంతైనా అందులోంచి వచ్చేసరికి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుండేది.

"కిందకొచ్చి ఒక్కసారి కూర్చుంటాను అన్నయ్యా," అని ఒకటి రెండుసార్లు అడిగింది.

"నువ్వు కిందుంటే పైనెవరు? నీ చెయ్యి లేకపోతే ఈ హాలు చీకటే కదే," అనేవాడు అన్నయ్య. అబద్ధం కాదు. పొగడ్తే. ఆ పొగడ్త విన్నాక ఆమె మళ్లీ ఆ మెట్లే ఎక్కేది.

ఆ నెల నాట్యం చేయడానికి వచ్చిన అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. పక్కన కూర్చుని పాడేది ఆమె పెద్దన్న, బస్సు డ్రైవరు. శనివారం మధ్యాహ్నం రిహార్సలుకి డ్యూటీ బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, కింద ఎక్కడ కూర్చుంటే నా పాదాలు బాగా కనిపిస్తాయి? మా అమ్మని అక్కడ కూర్చోబెడతాను."

"నాకేం తెలుసమ్మా. నేనెప్పుడూ కింద కూర్చుని చూడలేదు."

ఆ పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "అదేంటక్కా? ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

నర్సు తలెత్తి లైట్ల గది వైపు చూసింది. "అయితే ఒక పని చేద్దాం. నాకు రంగులొద్దు, ఏం మార్చొద్దు. మొదట్నుంచి చివరిదాకా ఒకటే లైటు చాలు. అది వేసేసి మీరు కిందికొచ్చెయ్యండి. పదకొండు నిమిషాలు ఉంటుంది నా నాట్యం."

"అన్నయ్య ఊరుకోడు."

"లైటు వెలుగుతూనే ఉంటుందిగా అక్కా? ఆయనకెలా తెలుస్తుంది?"

ఆ రాత్రి లైటక్కకి నిద్ర పట్టలేదు. పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత కంగారు పడలేదని తనమీద తనకే నవ్వొచ్చింది.

ఆదివారం మొదట ఇద్దరు వేణువు వాయించారు, తర్వాత ఒక కుర్రది పాడింది. మూడోది నర్సు నాట్యం. తెర లేవగానే లైటక్క ముందే గురిపెట్టి ఉంచిన లైటుని పూర్తిగా పెంచింది. నర్సు తెల్లటి వెలుగులోకి అడుగు పెట్టింది. లైటక్క చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి తలుపు లాగింది.

రాలేదు.

ఇంకోసారి లాగింది. తలుపు కాస్త కదిలి ఆగింది. బయట గొళ్లెం కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఎవరో తాగినవాడు మెట్లెక్కి వచ్చి స్విచ్చులన్నీ నొక్కేశాడు. "ఇంకెవరూ రాకుండా చూస్తాలే," అన్నాడు అన్నయ్య. ఎలా చూస్తాడో ఆమె అడగలేదు. షో మధ్యలో ఆమె ఎప్పుడూ తలుపు తీసి ఎరగదు. చివరి చప్పట్లు మోగుతుండగా అన్నయ్య తలుపు తోసుకుని "అయిపోయింది, దిగు" అనేవాడు. అంటే మూడేళ్లుగా, నెలనెలా, ఆమెను లోపలపెట్టి గొళ్లెం వేస్తున్నాడు.

ఫోను కింద గుమ్మం దగ్గర, వదిన టికెట్లు చింపే బల్లమీద ఉంది. దగ్గరుంటే స్పీకర్లు బుర్రుమంటాయని అన్నయ్య పెట్టిన రూలు. తలుపు మీద బాదుదామని పిడికిలి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బాదితే హాలంతా వెనక్కి తిరుగుతుంది. స్టేజి మీద ఆ పిల్ల ఒంటికాలిమీద నిలబడి, రెండో పాదాన్ని గాల్లో నెమ్మదిగా తిప్పుతోంది.

పిడికిలి దించేసింది. గది ఇంకా చిన్నదైపోయినట్టనిపించింది. లైట్ల మిషను ఫ్యాను గాలి మొహానికి వేడిగా కొడుతోంది. అన్నయ్యని మనసులో తిట్టింది. అడగకుండా ఊరుకున్నందుకు తనని ఇంకా ఎక్కువ తిట్టుకుంది.

అప్పుడు లైట్లకి రంగు కాగితాలు మార్చే స్క్రూడ్రైవరు చేతికి తగిలింది.

గాజు చుట్టూ చెక్కపట్టీలు, వాటికి ఎనిమిది స్క్రూలు ఉన్నాయి. మొదటిది తుప్పు పట్టి కదల్లేదు. చీర చెంగు చుట్టి బలంగా తిప్పింది. కదిలింది. ఒక్కొక్క స్క్రూనే ఊడదీసి ఒళ్లో వేసుకుంది. నర్సు స్టేజి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి వచ్చింది. పట్టీలు వదులయ్యాయి. రెండు చేతులా గాజుని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, లోపలికి లాగి మోకాళ్లకి ఆనించుకుంది.

పాట గదిలోకి వచ్చిపడింది.

డ్రైవరు గొంతు ఇంత లావుగా, కొంచెం గరుకుగా ఉంటుందని ఆ స్పీకరు చెప్పనేలేదు. నర్సు పాదం చెక్కమీద పడ్డప్పుడల్లా ఆ చప్పుడు లైటక్క ముంజేతుల్లోకి వచ్చేది. తిరుగుతున్నప్పుడు ఆ పిల్ల ఊపిరి తీసుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. ఎవరో దగ్గారు. ఎవరో "అబ్బ!" అన్నారు, తమకి తెలియకుండానే. చివర్లో నర్సు గిర్రున తిరిగి కూలబడినట్టు కూర్చుని తల వంచేసరికి, చప్పట్లకి ముందు ఒక నిశ్శబ్దం వచ్చింది. నూట ఇరవైమంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. అలాంటిదొకటి ఉంటుందనే లైటక్క మరిచిపోయింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గాజు పట్టుకుని ఉంది.

చప్పట్లు ఆగకముందే మెట్లమీద అడుగులు వినిపించాయి. గాజు ఊడటం కిందినుంచి చూసినట్టున్నాడు, గొళ్లెం తీసి అన్నయ్య లోపలికొచ్చాడు.

"ఏంటిది? గాజేది? పిచ్చి పట్టిందా నీకు?"

"బయట గొళ్లెం ఎందుకు పెట్టావు అన్నయ్యా?"

"ఎవడైనా వస్తాడని... నీ మంచికే కదే!"

"నీ మంచి మండిపోను. ఈ వైర్లలో నిప్పంటుకుంటే?"

అన్నయ్య గొళ్లెం వైపు ఒకసారి, నల్లబడిన వైర్ల వైపు ఒకసారి చూశాడు. అతను చెడ్డవాడు కాదు. ఆలోచించలేదు, అంతే. ఆ ఆలోచించకపోవడమే ఆమెకి ఎక్కువ కష్టంగా అనిపించింది.

"తర్వాత మాట్లాడుకుందాం. నాలుగోవాళ్లు రెడీగా ఉన్నారు," అన్నాడు చివరికి.

ఆమె కుర్చీలో కూర్చుని నాలుగోవాళ్లకి లైట్లు వేసింది. ఇంకేం చేయగలదు?

ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. గురువారం కూరగాయలు తరుగుతూ వదిన మెల్లిగా అంది, "నాకూ నేర్పు ఆ స్విచ్చులు."

"నీకెందుకు వదినా?"

"పన్నెండేళ్లుగా గుమ్మం దగ్గర టికెట్లు చింపుతున్నాను. తలుపులు మూశాక బయటే కూర్చుంటాను. లోపలేం జరుగుతుందో చప్పట్లని బట్టి ఊహించుకోవడమే. నువ్వు గాజు అవతల, నేను తలుపు అవతల. దొందూ దొందే."

ఇద్దరూ నవ్వారు. ఆ సాయంత్రమే వదినని లైట్ల గదికి తీసుకెళ్లింది.

తర్వాతి నెల రెండో పాటకి వదిన పైన కూర్చుంది, తలుపుకి ఈసారి గొళ్లెం పడలేదు. లైటక్క కిందికి దిగి గోడవారన నిలబడింది. అన్నయ్య చూశాడు, దగ్గరికొచ్చాడు. "పైనెవరు?" అని గుసగుసగా అడిగాడు. "వదిన," అంది. అతను ఒకసారి పైకి చూసి తన చోటికి వెళ్లిపోయాడు.

పాడుతున్నవాడు స్టేజి ఎక్కడం అదే మొదటిసారి. లైటక్క అతన్ని చూడబోతే కళ్లు ఎడమపక్క లైటు మీదికే పోయాయి. అది కాస్త వంగి ఉంది. అతని నీడ వెనక తెరమీద వంకరగా పడుతోంది. పాటలో సగం ఆ నీడకే పోయింది. ఇంత దూరం దిగివచ్చినా తనతోపాటు ఆ గదిని కూడా మోసుకొచ్చినట్టుంది. కావాలని కళ్లు మూసుకుంది. పై స్వరం దగ్గర అతని గొంతు జీరబోయింది. ఆగి, గుటక వేసి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అందుకున్నాడు. పక్కనున్న పెద్దాయన "శభాష్!" అన్నాడు. లైటక్క నోట కూడా అదే మాట వచ్చింది, కాస్త గట్టిగానే.

పాట అయ్యాక ఆమె మళ్లీ ఇనుప మెట్లెక్కింది. మూడోవాళ్లకి ఏడుసార్లు లైట్లు మార్చాలి, వదినకి అవింకా రావు.