మూడో గడి

పెద్ద కంపెనీల వాళ్ళు టెండరుకి ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. మేం బకెట్లతో వెళ్ళాం, నేనూ మా అక్కా. కార్పెట్లు శుభ్రం చేసే మా సంస్థ అంటే అంతే మరి: ఒక వ్యాను, ఒక ముసలి వేడినీళ్ళ మెషీను, అక్క మోకాళ్ళు.

ఆ మోకాళ్ళ కోసమే నాకీ కాంట్రాక్టు కావాలి. మెషీను అందని మూలలన్నీ పదహారేళ్ళుగా అక్కే నేలమీద కూర్చుని బ్రష్షుతో తోముతోంది. ఇప్పుడు నా భుజం పట్టుకోకుండా వ్యాను దిగలేదు. ఇది ఆరంతస్తుల ఆఫీసు, ఏడాది పొడవునా పని. వస్తే ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవచ్చు.

"నువ్వు నిలబడి పని చెబితే చాలక్కా" అన్నాను.

"ముందు రానీరా. ఆలు లేదు, చూలు లేదు..." అని నవ్వింది.

ధరలు రాసిన కవర్లు అందరం ఇచ్చేశాక, భవనం మేనేజరు వరండా కార్పెట్ మీద టేపుతో మూడు గడులు వేయించాడు. సంస్థకొకటి. శుక్రవారం శుభ్రం చేసి వెళ్ళాలి. సోమవారం చూసి తేలుస్తాడు. మాది మూడో గడి.

అక్క కార్పెట్ అంచు ఎత్తి చూసింది. "పైన ఉన్ని, అడుగున జనపనార. నీళ్ళెక్కువైతే ఆరేటప్పుడు నార రంగు పైకొస్తుంది. మన మెషీను పోయడమే గానీ పీల్చదు. వద్దు."

తడిగుడ్డతో అద్ది, పొడిగుడ్డతో ఒత్తి, గంటసేపు ఆ గడి మీదే వంగి ఉంది. శుభ్రమైంది. కానీ పక్క రెండూ తళతళలాడుతున్నాయి.

"ఆరాక తెలుస్తుందిలే మనదేమిటో. కంగారుపడకు" అని బకెట్లు తీసుకుని కిందికి వెళ్ళింది.

కంగారు నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అక్క అటు వెళ్ళగానే మెషీను ఆన్ చేసి, ఆ గడి మీద రెండుసార్లు తిప్పాను. అద్దంలా వచ్చింది. అటుగా వెళ్తున్న మేనేజరు ఆగి, "ఇదెవరిది?" అన్నాడు. "మాదేనండి" అన్నాను ఛాతీ విరుచుకుని. అక్కకి చెప్పలేదు.

సోమవారానికి మా గడి టీ ఒలికినట్టు గోధుమరంగుకి తిరిగింది. ఇస్త్రీ చొక్కాల్లో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు మేనేజరు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్క గడిని చూసింది. తర్వాత నన్ను చూసింది. అంతే, ఆమెకి అర్థమైపోయింది.

"నేనేనండి. నీళ్ళెక్కువ పోశాను. తమ్ముడు వద్దంటున్నా వినలేదు. అరగంట ఇస్తే సరిచేస్తాను" అంది.

మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది, అంతమంది ముందు. మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు.

"మీ ధరే అందరికన్నా తక్కువ. నీకు పని తెలుసని మొన్ననే చూశాను. కానీ ఆవిడ మళ్ళీ ఈ భవనంలో అడుగుపెట్టకూడదు. అలాగని రాసి సంతకం పెట్టు. పని నీకే ఇస్తాను."

తప్పు నాదని చెప్పాలి. ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వెనకనుంచి అక్క బ్రష్షు చప్పుడు వినిపిస్తూనే ఉంది. సంతకం పెట్టాను. నా అంత సిగ్గులేనివాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

వ్యానెక్కాక, "ఏమన్నాడ్రా?" అంది అక్క.

"మనకే వచ్చింది."

అక్క ముఖం వెలిగిపోయింది. "అయితే మనుషుల్ని వెంటనే చూడు. ఆ నార సంగతి మాత్రం నేనే దగ్గరుండి నేర్పిస్తాను. నీకు వదిలేస్తే అంతే సంగతులు!"

"నువ్వు రానక్కర్లేదక్కా. ఇంట్లో ఉండు."

మోకాలు రాసుకుంటున్న చెయ్యి ఆగింది. "వాళ్ళు వద్దన్నారా?"

తాళంచెవి కోసం జేబు తడుముకున్నాను.

"నువ్వు ఒప్పుకున్నావా?"

వ్యాను స్టార్ట్ చేశాను. ఇంటి ముందు ఆపి, రోజూలాగే అటువైపు వెళ్ళి భుజం వంచి నిలబడ్డాను. అక్క తలుపు పట్టుకుని, ఒక్కో కాలూ కిందపెట్టి, తనే దిగింది.